పచ్చటి ఆకాశం కింద పన్నెండు గొర్రెలు

మేడమ్ పోయారన్న కబురు నాకు సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో ఎవరిదో బాత్రూములో తెలిసింది. మోకాళ్ళ మీద ఉన్నాను. పక్కన బకెట్లో టైల్స్ అతికించే గ్లూ అప్పుడే కలిపి పెట్టుకున్నాను. చేతులు ఖాళీ లేక ఫోను మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టాను. మేడమ్ వాళ్ళమ్మాయి.

"సారీ అండీ, పనిలో ఉన్నారా? అమ్మ... దిస్ మార్నింగ్. నిద్రలోనే. నో పెయిన్, నథింగ్. మీకు నేనే ఫోన్ చేసి చెప్పాలనుకున్నా."

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఏడవలేదు, లేవలేదు. కలిపిన గ్లూ అరగంటలో రాయైపోతుంది. వరస సగంలో ఆపితే మర్నాడు మొత్తం పీకి మళ్ళీ వేయాలి. కాబట్టి ఆ వరస పూర్తిచేశాను. అది బాగా కుదిరిందని పక్క వరస కూడా వేశాను. చేతులు కడుక్కుని వ్యానులో కూర్చుని తాళం తిప్పబోతే అప్పుడు వచ్చింది ఏడుపు, ఎక్కడిదో తెలియనంత. మేడమ్ చూసి ఉంటే ముందు టైల్స్ సరిగ్గా ఉన్నాయా అని అడిగి, ఆ తర్వాతే నన్ను ఓదార్చేవారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. గిరావీన్‌లో మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవారు. అందరూ ఆంటీ అనేవారు, నేను మాత్రం మేడమ్ అనేవాణ్ణి. పాఠం చెప్పిన మనిషిని ఆంటీ అనడానికి నాకు నోరు రాలేదు. అయితే నేను ఆ పాఠానికి వెళ్ళిందే పొరపాటున.

ఆరేడేళ్ళ కిందట ఇండియన్ సరుకుల కొట్లో, చింతపండు పెట్టెల పైన, ఒక కాగితం అంటించి ఉంది. ముత్యాల్లాంటి చేతిరాత. "మొజాయిక్: నాటి పనితనం. గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, కమ్యూనిటీ హాలులో. తెలుగులో. అందరూ రావచ్చు. టీ ఉంటుంది."

మన వైపు మొజాయిక్ అంటే ఏమిటో మీకు తెలుసు. గచ్చు. మా నాన్న తెనాలిలో మొజాయిక్ మేస్త్రీ. సిమెంటులో రాతి చిప్స్ కలిపి పోసి, ఆరాక మిషనుతో అరగదీసి, మొహం కనిపించేలా మెరిపించేవాడు. ఇళ్ళల్లోకి మార్బుల్ వచ్చింది, ఆ పని పోయింది. నేను మాస్టర్స్ చదవడానికి సిడ్నీ వచ్చి, చదువు ముగించి, పట్టుకున్న ఉద్యోగం నిలవక, పార్ట్ టైముగా చేసిన టైల్స్ పనిలోనే స్థిరపడ్డాను. "సముద్రాలు దాటి వెళ్ళి మళ్ళీ గచ్చు మీదే కూర్చున్నావురా" అని నాన్న నవ్వాడు. అలాంటిది, ఇక్కడెవరో మొజాయిక్ పనితనం చూపిస్తున్నారంటే ఆగుతానా? ఆ గురువారం మోకాలి ప్యాడ్లూ తాపీ పట్టుకుని వెళ్ళాను.

తలుపు తీస్తే లోపల చీకటి. కిటికీలకు చీరలు కట్టారు. కుర్చీల్లో ఇరవైమందికి పైగా పెద్దవాళ్ళు. కొడుకుల దగ్గరికీ కూతుళ్ళ దగ్గరికీ వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ. ముందు గోడ మీద గులాబీ రంగు గొర్రెలు. గులాబీ రంగు గడ్డి, గులాబీ రంగు చెట్లు, గులాబీ రంగు మనిషి. ప్రొజెక్టరు పక్కన, నేత చీరలో సన్నగా, చిన్నగా ఒకావిడ.

"బాబూ, లోపలికన్నా రా, బయటికన్నా వెళ్ళు. వెలుతురు పడి గొర్రెలు చెదిరిపోతున్నాయి" అన్నారు.

లోపలికే వెళ్ళాను. టీ విరామంలో పక్కావిణ్ణి మెల్లగా అడిగాను, "చిప్స్ ఎక్కడ పెట్టారండీ?" అని. ఆవిడ పాపం లేచి వెళ్ళి ఒక ప్లేటు నిండా బంగాళాదుంప చిప్స్ తెచ్చి నా చేతిలో పెట్టింది. చిలకలూరిపేట నుంచి వచ్చిన పిన్నిగారు ఆవిడ. ఆ కథ ఆరేళ్ళు మా హాలులో నడిచింది. నేను కనిపిస్తే చాలు, "చిప్స్ తిన్నావా నాయనా?" అనేవారు.

మేడమ్ కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వి, చటుక్కున ఆపి, నా చేతిలోని తాపీ వైపు చూశారు. "నువ్వు నిజంగా రాయి అతికించే మనిషివా? అయితే చెప్పు, సున్నం ఎంత తడిగా ఉంటే రాయి పడుతుంది? వేలితో నొక్కితే ఎంత లోతుకి దిగుతుంది? గోడ మీదైతే ఎంతసేపట్లో జారిపోతుంది?" ఊపిరాడనివ్వలేదు. జీవితమంతా ఈ బొమ్మల మధ్యే గడిపిన ఆవిడకి రాయి అతికించిన చెయ్యి కనబడటం అదే మొదటిసారట. ఆ రోజు నుంచి గురువారం మధ్యాహ్నాలు నేను పని ఒప్పుకునేవాణ్ణి కాదు.

మేడమ్ ప్రొఫెసరు కాదు. ఎవరైనా అలా అంటే వెంటనే దిద్దేవారు. "స్లైడ్ల దుమ్ము తుడిచేదాన్ని, అంతే" అనేవారు. ఒక యూనివర్సిటీలో బొమ్మల స్లైడ్లు దాచే గది ఉండేది. మొదటి క్రైస్తవులు నేలమాళిగల గోడల మీద గీసుకున్న బొమ్మల దగ్గర్నుంచి, మధ్యయుగాల చర్చిల గోడలూ, గాజు కిటికీలూ, సన్యాసులు చేత్తో రాసిన పుస్తకాల దాకా, వేలకు వేల స్లైడ్లు. పాఠం చెప్పే పెద్దలు అడిగినవి తీసివ్వడం, తిరిగొచ్చినవి తుడిచి పెట్టడం, ప్రతిదానికీ ఊరూ శతాబ్దమూ గోడా రాసి లేబులు అంటించడం ఆవిడ పని. ముప్పై ఏళ్ళు చేశారు. తర్వాత అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. స్లైడ్ల పెట్టెలు చెత్త తొట్టెలో పడేస్తుంటే, ఆవిడ తన కారు ఎన్ని తిరుగుళ్ళు తిరగగలిగితే అన్ని తిరుగుళ్ళు తిప్పి, ఇంటి గరాజు నింపారు. ఆ తర్వాత కారు ఎప్పుడూ వీధిలోనే.

పాత ఫిల్ములో నీలమూ ఆకుపచ్చా ముందు పారిపోతాయి. మిగిలేది గులాబీ. మేడమ్ కాపాడిన ప్రపంచమంతా ఆ రంగుకి తిరిగిపోయింది. ఆవిడ మాత్రం ఏమీ కానట్టే, చేతికర్రతో గోడ మీద చూపిస్తూ రంగులు చెప్పేవారు. "ఇది నీలం. ఇదిగో, ఈ అంగీ ఊదా. ఈ నెమలి మెడ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? వేసుకోండి." చెప్పి, కాసేపు ఊరుకునేవారు. ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు, బయట చెట్ల మీద కాకటూ చిలకల గోల. ఆ చీకట్లో ఇరవైమందీ లోలోపల రంగులు వేసుకుంటూ ఉండేవాళ్ళం. ఎండలోంచి వచ్చిన కళ్ళకి, భోజనం బరువుకి, అది సగం నిద్రే. నాకు ఒక్కోసారి పీటర్లూ మేరీలూ మా తెనాలి వీధుల్లో తిరుగుతున్నట్టు ఉండేది.

"ఫోన్లో చూపిస్తే బాగా కనిపిస్తుంది కదా మేడమ్, అసలు రంగులతో?" అని ఒకసారి అడిగాను.

"ఫోన్లో అయితే చూస్తారు. ఇక్కడైతే వేసుకుంటారు" అన్నారు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పెద్దమ్మా పెద్దయ్యా ఉండేవారు. పెద్దయ్య కూర్చున్న రెండో నిమిషంలో గురక. పెద్దమ్మ సిగ్గుపడి మోచేత్తో పొడిచేది. మేడమ్ వద్దనేవారు. "లేపకండమ్మా. వీటిని నిద్రలో చూడ్డమే మేలు. గీసినవాళ్ళూ అలాగే చూసి ఉంటారు."

మేడమ్ క్రైస్తవుల ఇంట్లో పుట్టారు, నర్సాపురంలో. నాన్నగారు మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారు. ఇంట్లో క్యాలెండరు మీద బంగారు జుట్టు యేసుప్రభువు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో, మొదటి క్రైస్తవులు గీసుకున్న ప్రభువు స్లైడు చేతికొచ్చిందట. గడ్డం లేదు, మీసమైనా సరిగ్గా రాలేదు. భుజాల మీద గొర్రెపిల్లని మోస్తున్న పల్లెటూరి కుర్రాడు. "మా ఇంట్లో ఆయనకీ ఈయనకీ చుట్టరికం లేదే అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు" అనేవారు. మా హాలులో ఉన్నవాళ్ళు చాలావరకు హిందువులు. ఒకాయన మొదట్లో, "ఇదంతా మతం మార్చడానికి కాదు కదండీ?" అని సూటిగానే అడిగారు. మేడమ్ ఏమాత్రం నొచ్చుకోకుండా, "నేను మిమ్మల్ని మూడింటికల్లా స్కూలు దగ్గరికి పంపాలి, మనవల్ని తెచ్చుకోవాలి కదా. అంత టైము లేదండీ నాకు" అన్నారు.

ఆ పెద్దవాళ్ళు ఆ బొమ్మల్ని చదివిన తీరు ఏ యూనివర్సిటీలోనూ దొరకదు. పాత సమాధుల గోడల మీద రెండు చేతులూ పైకెత్తి ప్రార్థించే ఆడమనిషి బొమ్మ చూసి, "గోవిందా అంటే మేమూ అంతేగా ఎత్తేది" అన్నారు పిన్నిగారు. పుస్తకం అంచున ఒక వీరుడు నత్తతో కత్తియుద్ధం చేస్తుంటే, "ఆ రాసేవాడికి పని విసుగొచ్చింది పాపం" అన్నారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన బాబాయిగారు. మేడమ్ ఇవన్నీ ఇంటికెళ్ళి రాసుకునేవారని వాళ్ళమ్మాయి చెప్పింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మేడమ్‌కి అన్నిట్లోకీ ప్రాణమైన స్లైడు ఒకటుంది. ఇటలీలో రవెన్నా అనే ఊరి బయట పాత చర్చి. దాని లోపల, బలిపీఠం వెనక, గోడ సగం గిన్నెలా వంగి ఉంటుంది. ఆ వంపు నిండా రాళ్ళతో అతికిన బొమ్మ. కింద మైదానం, చిన్న చిన్న చెట్లు, అటు ఆరు, ఇటు ఆరు గొర్రెలు. మధ్యన ఒక ముసలి బిషప్పు చేతులెత్తి నిలబడి ఉంటాడు. పైన ఆకాశం, అందులో చుక్కలు నిండిన పెద్ద గుండ్రం, దాని మధ్య రత్నాలు పొదిగిన శిలువ. నేను మొదటి రోజు తలుపు తీసినప్పుడు గోడ మీదున్నది అదే. ఏడాదికి రెండుసార్లన్నా చూపించేవారు.

"గడ్డి రంగు చెప్పక్కర్లేదు. గొర్రెలు తెలుపు. ఆ గుండ్రం నీలం. దాని వెనక ఆకాశమంతా పచ్చ. వేసుకోండి."

"ఆకాశం పచ్చగా ఎందుకుంటుందండీ?" అని ఎవరో అడిగారు.

"నీలంగా ఉండేది మన ఆకాశం. వాళ్ళు చేసింది ఇక్కడి ఆకాశం కాదు. పోయినవాళ్ళు చూసేది" అన్నారు మేడమ్.

నేను వేసుకున్నాను. ఆ వేసవిలో ఒకరోజు సిడ్నీలో వడగళ్ళు పడ్డాయి. పడేముందు ఆకాశం, ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు, చెరువు నీళ్ళ అడుగులా ఆకుపచ్చగా తిరిగింది. వ్యాను గరాజులో పెట్టుకోవాల్సిన మనిషిని నోరు తెరుచుకుని పెరట్లో నిలబడ్డాను. మేడమ్ చెప్పిన ఆకాశం ఇదే అనుకున్నాను. వ్యాను మీద ఆ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

పెద్దయ్య ఊరికి తిరిగి వెళ్ళాక పోయారు. మరుసటి ఏడు పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. అదే వరసలో కూర్చుని, పక్క కుర్చీలో తన సంచి పెట్టుకునేది. గొర్రెల స్లైడు వచ్చినప్పుడు సంచి తీసి ఒళ్ళో పెట్టుకునేది. మాలో ఎవరికీ అది ఎందుకో తెలియదు.

కిందటేడు మేడమ్ కళ్ళు చెడ్డాయి. చూపు మధ్యలో మసక, అంచుల్లోనే కాస్త కనిపించేది. తర్వాత గుండె కూడా మొరాయించింది. గురువారాలు ఆగిపోయాయి. ఆ సమయంలోనే మా బాస్ ఇటలీలో టైల్స్ ఎగ్జిబిషన్‌కి నన్ను వెంట తీసుకెళ్తానన్నాడు. అక్కడి తన తాతలనాటి ఊరు చూసుకోవడం అతని ఉద్దేశం, బరువులు మోయించడం నాతో. మేడమ్‌కి చెబితే మంచం మీద లేచి కూర్చున్నారు.

"రవెన్నా రైల్లో వెళ్ళొచ్చు. వెళ్ళిరా. నేను చూసింది స్లైడునేరా, గోడని కాదు" అన్నారు. నన్ను రా అన్నది ఆ ఒక్కసారే. అప్పటిదాకా నాకు తెలియదు, ఆవిడ ఆ గోడల్లో ఏ ఒక్కటీ కళ్ళారా చూడలేదని. ఒకప్పుడు పిల్ల చిన్నది, తర్వాత భర్త జబ్బు, తర్వాత కళ్ళు.

వెళ్ళాను. రైలు, బస్సు, పొలాల మధ్య ఇటుకల చర్చి. లోపల చల్లగా, ఖాళీగా ఉంది. నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళి తలెత్తాను.

ఆకాశం బంగారం.

నాకు మొదట వచ్చింది కోపం. ఎవరో మా ఆకాశానికి పూత పూసేశారనిపించింది. గడ్డి మాత్రం ఆకుపచ్చే, గొర్రెలు తెల్లవే, గుండ్రం నీలమే. ఆకాశం ఒక్కటే తప్పు. మేడమ్ తప్పు చెప్పారు. ఆరేళ్ళుగా, నలభైమందికి. బల్ల మీద కూలబడ్డాను. చాలాసేపటికి గానీ పనివాడి కన్ను తెరుచుకోలేదు. ఆ బంగారపు రాళ్ళు ఒక్కటీ మట్టంగా లేదు. ఒకటి ఇటు వాలింది, ఒకటి అటు. నాన్న చూస్తే పీకి మళ్ళీ వేయమనేవాడు. నేను ఇటు నడిస్తే ఆకాశం అటు వెలిగింది, అటు నడిస్తే ఇటు. కావాలనే వాల్చారు. ఒక్కో రాయిని ఎవరో బొటనవేలితో, తడి ఆరకముందే నొక్కి ఉంటారు.

తిరుగు విమానంలో ఒకటే ఆలోచన. చెప్పాలా, వద్దా? ఆవిడ ఇంక చూడలేరు. ఫొటో తీశాను గానీ ఆ కళ్ళకి ఫొటో ఒకటే, గోడ ఒకటే. ముప్పై ఏళ్ళు లేబులు తప్పు రాయని మనిషికి పోయేముందు ఈ మాట ఎందుకు? చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

దిగిన మర్నాడే వెళ్ళాను. మంచం కిటికీ పక్కన. "చూశావా?" అన్నారు. "ఆకాశం ఎలా ఉంది?"

"పచ్చగానే ఉంది మేడమ్" అన్నాను. ఆవిడ మొహం చూడకుండా.

మేడమ్ కళ్ళు మూసుకున్నారు. "కదూ. మెరుస్తుంది కదూ, నడుస్తుంటే? బంగారం కదా మరి."

తలెత్తి ఆవిడ మొహం చూశాను. "బంగారమా మేడమ్?"

"అదే కదా అన్నావు. పచ్చ." ఆగారు. "నువ్వు ఏ పచ్చ అనుకున్నావు?"

"ఆకుపచ్చ."

మేడమ్ కళ్ళు తెరిచారు. తర్వాత మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. వాళ్ళమ్మాయి నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "వాట్ హ్యాపెన్డ్?" అంటే ఇద్దరం చెప్పలేకపోయాం. మన భాషలో ఎన్నికల వేళ పచ్చ జెండా అంటే ఒక రంగు, రైల్లో గార్డు ఊపే పచ్చ జెండా అంటే ఇంకో రంగు. కామెర్లు పచ్చే, కొబ్బరాకూ పచ్చే. అంత పెద్ద గొయ్యి మా మధ్య ఆరేళ్ళు ఉంటే ఒక్కరం కూడా పడినట్టు తెలుసుకోలేదు.

నవ్వు ఆగాక మేడమ్ మొహం మారిపోయింది. "మరి మిగతావాళ్ళు ఏది వేసుకున్నారో?"

"ఏదో ఒకటి లెండి మేడమ్. గోడ అక్కడే ఉందిగా."

"చిలకలూరిపేట నుంచి రవెన్నాకి బస్సుందా?" అన్నారు కోపంగా. "స్లైడులో రంగు పోయింది. నా కళ్ళల్లో పోయింది. ఇంక అది ఉన్నది వీళ్ళ బుర్రల్లోనే. అక్కడ తప్పు పెట్టేసి పోనా నేను? హాజరు పుస్తకం తీసుకురా."

ఆ పుస్తకంలో వచ్చినవాళ్ళందరి ఊళ్ళూ ఫోను నంబర్లూ ఉన్నాయి. ఫొటో పంపేద్దామంటే ఒప్పుకోలేదు. "చెప్పింది నేను. దిద్దాల్సింది నేను" అన్నారు. మాకు మధ్యాహ్నమైతే మన వైపు పొద్దున్న. రెండు వారాలు, పని ముగించుకుని వెళ్ళి, నంబరు నొక్కి ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టేవాణ్ణి. మాట్లాడితే ఆయాసం. అయినా ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ చెప్పేవారు, గొర్రెలతో సహా.

"పచ్చంటే పచ్చే కదండీ, పసుపు రాసిన గడపలాగా!" అన్నారు చిలకలూరిపేట పిన్నిగారు. "ఆకుపచ్చ అని ఎవరనుకుంటారండీ, మరీ చోద్యం కాకపోతే?" మేడమ్ నావైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు.

గార్డు బాబాయిగారు మాత్రం నొచ్చుకున్నారు. "నేను ముప్పయ్యేళ్ళు పచ్చజెండా ఊపినవాణ్ణమ్మా. నాకు ఇంకో పచ్చ ఎలా తెలుస్తుంది?" అన్నారు. కాసేపాగి, "సరే, మార్చేశాను" అన్నారు, డ్యూటీ మీద ఉన్నట్టే.

ఒక ఇంట్లో కొడుకు ఎత్తి, అమ్మ పోయి ఏడాదైందన్నాడు. మేడమ్ ఫోను దించి, "ఆవిడకి ఈపాటికి సరైన రంగు తెలిసే ఉంటుంది" అన్నారు.

చివరికి మిగిలింది కరీంనగర్ పెద్దమ్మ.

"మంచిగున్నరా మేడం?" అంది. మేడమ్ అంతా చెప్పి, "మీరు ఏ రంగు వేసుకున్నారమ్మా?" అన్నారు.

"పచ్చనే మేడం. నాట్లేసినంక నెలకు మా పొలం ఎట్లుంటది? గట్ల."

"అది బంగారం రంగమ్మా. నేనే సరిగ్గా చెప్పలేదు. మార్చుకుంటారా?"

అవతల ఎక్కడో కోడి అరిచింది.

"ఎట్ల మార్చుకోను మేడం?" అంది పెద్దమ్మ. "ఆయన ఆడనే ఉన్నడు కద. పోయిన కాడికెల్లి ఆ గొర్ల నడుమ కూసోవెట్టుకున్న. కండ్లు మూస్తే ఆ పచ్చల్నే అవుపడ్తడు. ఇప్పుడు బంగారం జేస్తే ఆయనకు కండ్లు జిగేల్మంటయి. నిద్ర వట్టదు."

నేను ఫోను పట్టుకుని అలాగే వంగి ఉన్నాను.

"వద్దమ్మా" అన్నారు మేడమ్. "మార్చకండి. అలాగే ఉండనివ్వండి." మళ్ళీ, "ఏ గొర్రె పక్కన?" అని అడిగారు.

"ఎడమ దిక్కు, మూడోది."

ఫోను పెట్టేశాక పుస్తకం తెరవమన్నారు. అప్పటిదాకా అందరి పేర్ల పక్కనా "బంగారం, దిద్దాం" అని రాయించారు. పెద్దమ్మ పేరు పక్కన లేబులు చెప్పినట్టే ఆగి ఆగి చెప్పారు: "ఆకుపచ్చ. దిద్దకూడదు." రాశాక ఒకసారి చదివించుకున్నారు. ఒక స్లైడుకి ఒకటే లేబులు ఉంటుందని ముప్పై ఏళ్ళు నమ్మానని నాతో అన్నది ఆ సాయంత్రమే. ఆ మనిషి అంత సులువుగా ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ మీద నాకు అప్పటిదాకా ఉన్నది గౌరవం. ప్రేమ అని తెలిసింది అప్పుడే.

తర్వాత మూడు వారాలు ఉన్నారు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ వాలిన రాళ్ళ సంగతి చెప్పించుకునేవారు, ఒకటి ఇటు, ఒకటి అటు. చెబుతుండగానే నిద్రపోయేవారు.

సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళమ్మాయి హాజరు పుస్తకం నా చేతిలో పెట్టింది. "వీళ్ళందరికీ మీరే చెప్పాలి. నా తెలుగు సరిపోదు" అంది. మళ్ళీ అదే వరసలో ఫోన్లు చేశాను. పిన్నిగారు భోరుమన్నారు. బాబాయిగారు మాట్లాడలేక ఫోను భార్యకిచ్చారు. పెద్దమ్మకి చెప్పడానికి మాత్రం రెండు రోజులు జంకాను.

ఆమె ఏడవలేదు. "బాధవడ్డదా?" అని అడిగింది. లేదు, నిద్రలోనే అన్నాను.

"మంచిది. ఆయన పక్కన జాగున్నది, ఆడనే కూసోవెడ్త తియ్యి బిడ్డా."

మేడమ్ ఆకాశం బంగారం పెద్దమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆవిడకి బతికినన్నాళ్ళూ తెలిసిన రంగు అదే, ఎక్కడ కూర్చోబెట్టినా దాని కిందే కూర్చోబెట్టాలి కదా అనిపించింది. నేను అనేలోపే పెద్దమ్మ అంది:

"మేడంకు కండ్లు సరిగ లేకుండె గద. బంగారమైతే గుచ్చుకుంటది. పచ్చదనమైతే సల్లగుంటది."

ఇప్పుడు నాకూ మేడమ్ అక్కడే కనిపిస్తున్నారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, గడ్డిలో కాళ్ళు చాపుకుని, పక్కన నిద్రపోతున్న పెద్దయ్యని లేపకుండా, పన్నెండూ ఉన్నాయో లేదో ఎడమ నుంచి ఒక్కొక్క గొర్రెనే లెక్కపెట్టుకుంటున్నారు.